పాత ప్లాస్టిక్ విమానం, ఓడ కిట్లు సేకరించడం ఎలా? కొనే ముందు, కొన్నాక చేయాల్సిన పనులన్నీ వరసగా

"అన్నా, 1960ల నాటి ఎయిర్‌ఫిక్స్ కిట్ అంట, అమ్మకానికి పెట్టారు, కొనొచ్చా, ఎంత పెట్టొచ్చు" అని చాలామంది అడుగుతున్నారు. (ఎయిర్‌ఫిక్స్ అంటే బ్రిటన్ కంపెనీ. కిట్ అంటే ముక్కలుగా వచ్చి, మనమే అతికించి కట్టుకునే బొమ్మ విమానమో, ఓడో.) దాంతోపాటు ఒక్క ఫొటో పంపుతారు, అదీ బాక్స్ పైమూత మాత్రమే. ఆ ఒక్క ఫొటో చూసి ఎంత అనుభవం ఉన్నా ఏమీ చెప్పలేం. అందుకే మొత్తం పద్ధతి ఒకచోట రాస్తున్నా, ఏది ముందు చూడాలి, ఏది తర్వాత, ఎక్కడ డబ్బు పోతుంది అనేది.

ఒక్క విషయం ముందే బుర్రలో పెట్టుకోండి. ఈ కిట్ల అచ్చులు, అంటే మౌల్డ్‌లు, ఒకసారి తయారయ్యాక ముప్పై నలభై ఏళ్ళు వాడతారు, కంపెనీ చేతులు మారినా అచ్చు మాత్రం అదే. 1965లో వచ్చిన రెక్కకీ 1995లో వచ్చిన రెక్కకీ చాలాసార్లు తేడా కనిపించదు. కాబట్టి మీరు డబ్బు పెడుతున్నది ప్లాస్టిక్‌కి ఒక్కదానికే కాదు, ఆ కాలం నాటి బాక్సు, ఇన్‌స్ట్రక్షన్ షీటు, డెకాల్ షీటు (బొమ్మ మీద అంటించే గుర్తులు, అంకెల కాగితం), పార్టులు అన్నీ కలిసి చెదరకుండా ఉన్నాయా అన్నదానికి. వయసు తేల్చడం, లెక్క సరిచూడటం, ఆ తర్వాతే ధర. ఈ వరస తప్పకండి.

## 1. ముందు ఒక గీత గీసుకోండి

"పాత కిట్లన్నీ" అని మొదలుపెడితే ఆర్నెల్లలో ఇల్లు నిండుతుంది, సేకరణ మాత్రం తయారవ్వదు. ఒక కంపెనీ, ఒక స్కేలు (1/72 అంటే అసలు విమానంలో 72వ వంతు సైజు), ఒక కాలం, ఈ మూడింట్లో కనీసం రెండు తేల్చుకోండి.

మొదలుపెట్టేవాళ్ళకి పనికొచ్చే గీతలు కొన్ని:

- ఎయిర్‌ఫిక్స్ 1/72 చిన్న విమానాలు, ప్లాస్టిక్ కవర్లో పైన అట్ట ముక్క పిన్ కొట్టి అమ్మినవి. దొరకడం తేలిక, చోటు తక్కువ పడుతుంది.
- ఎయిర్‌ఫిక్స్ 1/600 యుద్ధనౌకలు.
- రెవెల్ (అమెరికా కంపెనీ) 1950ల ఓడలు. యూఎస్‌ఎస్ మిసోరీ 1953లో వచ్చింది. ఆ రోజుల్లో రెవెల్ వాళ్ళు చాలా కిట్లని బాక్స్ సైజుకి సరిపడేలా చేసేవాళ్ళు కాబట్టి స్కేలు కిట్‌కి ఒకటి ఉంటుంది, ఇది తెలిసి దిగండి.
- జపాన్ వాటర్‌లైన్ సిరీస్, 1/700, అంటే నీటి పైకి కనిపించే భాగం మాత్రమే ఉండే ఓడలు. షిజుఓకాకి చెందిన తమియా, హసెగావా, అవోషిమా, ఫుజిమి కలిసి 1971లో మొదలుపెట్టారు.
- మన వైమానిక దళం, నౌకాదళం వాడిన రకాలు. విమానాల్లో ఎయిర్‌ఫిక్స్ న్యాట్, హంటర్, సీ హాక్, ఫ్రాన్స్ కంపెనీ హెల్లర్ ఊరగాన్ (మనవాళ్ళు తూఫానీ అన్నది దీన్నే), మిస్టేర్. ఓడల్లో ఎయిర్‌ఫిక్స్ లియాండర్, మన నీలగిరి తరగతి ఫ్రిగేట్లు ఆ డిజైన్ మీదే కట్టారు.

నన్నడిగితే ఈ చివరిదే మనకి మంచి గీత. కాకపోతే బాక్సుల మీద, డెకాల్స్‌లో ఉండేవి ఎక్కువగా బ్రిటిష్, ఫ్రెంచ్ గుర్తులే, మన మూడు రంగుల గుర్తుల కోసం వెతికి నిరాశపడొద్దు.

ఇంకోటి, కట్టడానికి కొంటున్నారా దాచడానికా? కట్టాలని ఉంటే అదే అచ్చుతో వచ్చిన కొత్త బాక్సు కొనుక్కోండి, సగం ధరలో కూడా రావచ్చు. పూర్తిగా ఉన్న 1960ల కిట్ స్ప్రూలు (పార్టులు అతుక్కుని ఉండే ప్లాస్టిక్ ఫ్రేములు) కత్తిరించడం నాకైతే మనసొప్పదు.

## 2. దగ్గర ఉండాల్సిన సామాను

- 10 రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం
- టార్చి, వీలైతే యూవీ టార్చి కూడా
- రకరకాల సైజుల జిప్ కవర్లు
- తేమ పీల్చి రంగు మారే సిలికా జెల్ ప్యాకెట్లు
- గదిలో తేమ చూపించే చిన్న మీటరు
- మెత్తటి బ్రష్, పెన్సిలు (పెన్ను వద్దు)
- స్కానర్, లేదా ఎక్కడైనా స్కాన్ చేయించుకునే వీలు

## 3. బాక్సు వయసు తేల్చడం

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. రెక్క లోపలి వైపు ప్లాస్టిక్ మీద అచ్చయి ఉన్న సంవత్సరం చూసి "1964ది" అని అమ్మేస్తుంటారు. అది అచ్చు తయారైన సంవత్సరం, లేదా కాపీరైట్ సంవత్సరం. మీ చేతిలో ఉన్న కిట్ ఆ ఏడాదే బయటికొచ్చిందని అర్థం కాదు.

రూలు ఏంటంటే, బాక్సు మీద కనిపించే గుర్తుల్లో అన్నిటికంటే కొత్తది ఏదో అదే లెక్క. పాతవి పది ఉన్నా కొత్తది ఒక్కటి ఉంటే ఆ బాక్సు దానికంటే ముందుది కాలేదు. వరసగా ఇవి చూడండి.

బార్‌కోడ్. బార్‌కోడ్ ముద్రించి ఉంటే 1960ల బాక్సు కానే కాదు. అమెరికా షాపుల్లోనే బార్‌కోడ్ వాడకం 1974లో మొదలైంది. ఇది రెండు సెకన్ల పని, అయినా చాలామంది చూడరు.

ధర. బ్రిటన్‌లో 1971 ఫిబ్రవరి 15న డబ్బు లెక్క మారింది. ధర షిల్లింగుల్లో, అంటే 2/- లాగా ఉంటే అంతకుముందుది, కొత్త పెన్నీల్లో ఉంటే ఆ తర్వాతది. రెండూ పక్కపక్కన ఉంటే సరిగ్గా ఆ మార్పు రోజులది. అందుకే పాత షాపు స్టిక్కరు పీకకండి, అది చెత్త కాదు, సాక్ష్యం. అయితే స్టిక్కరు ఎవరైనా అంటించొచ్చు కాబట్టి ముద్రించిన ధరకే ఎక్కువ విలువ ఇవ్వండి.

అడ్రసు. అమెరికా కంపెనీ అడ్రసులో ఐదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 తర్వాతది. "వెస్ట్ జర్మనీ" అని ఉంటే 1990 అక్టోబర్‌లో రెండు జర్మనీలు కలిసేలోపు ముద్రించింది.

కంపెనీ పేరు. ఎయిర్‌ఫిక్స్ 1981లో దివాలా తీసింది, తర్వాత పాలిటాయ్ చేతికి, 1986లో హంబ్రాల్ వైపుకి, 2006లో హార్న్‌బీకి వెళ్ళింది. బాక్సు పక్కన చిన్న అక్షరాల్లో వీటిలో ఏ పేరుందో చదివితే కాలం దాదాపు తెలిసిపోతుంది. హంబ్రాల్ రోజుల్లో అచ్చులు ఫ్రాన్స్‌లో హెల్లర్ ఫ్యాక్టరీలో ఉండేవి కాబట్టి "మేడిన్ ఫ్రాన్స్" అని కనిపిస్తే కంగారుపడక్కర్లేదు, అది నకిలీ కాదు, అలాగని 60లదీ కాదు. "మేడిన్ ఇండియా" అని ఉంటే హార్న్‌బీ కాలంది, వాళ్ళు చాలా కిట్లు మన దేశంలోనే పోయించారు. కిట్ నంబరు ముందు A అనే ఇంగ్లీషు అక్షరం ఉన్నా హార్న్‌బీ కాలమే.

అమెరికా కంపెనీలు రెవెల్, మోనోగ్రామ్ 1986లో కలిసిపోయాయి, రెండు పేర్లూ కలిపి ఉన్న బాక్సు ఆ తర్వాతది. ఆరోరా అనే ఇంకో అమెరికా కంపెనీ 1977లో మూతపడి అచ్చులు మోనోగ్రామ్‌కి వెళ్ళాయి. కాబట్టి ఆరోరా విమానం మోనోగ్రామ్ బాక్సులో కనిపించినా ఆశ్చర్యపోకండి.

ఫ్రాగ్ అనే బ్రిటన్ కంపెనీ సంగతి కాస్త విడిగా చెప్పాలి. 1970ల మధ్యలో ఆ కంపెనీ ఆగిపోయి అచ్చుల్లో ఎక్కువ భాగం సోవియట్ యూనియన్‌కి వెళ్ళాయి, నోవో అనే పేరుతో మళ్ళీ వచ్చాయి. జర్మనీ, జపాన్ యుద్ధ విమానాల అచ్చుల్ని మాత్రం అక్కడికి పంపలేదు, అవి రెవెల్‌కి పోయాయి. ఆ తర్వాత తూర్పు యూరప్‌లో రకరకాల అట్ట పెట్టెల్లో అదే ప్లాస్టిక్ తిరిగింది. ఫ్రాగ్ బాక్సు, లోపల నోవో ప్లాస్టిక్, ఇలా కలిపి అమ్మే ప్రమాదం ఉంది కాబట్టి లోపలి కాగితం ఏ కంపెనీ పేరుతో ఉందో తప్పకుండా చూడాలి.

బొమ్మ మాత్రం నమ్మొద్దు. చిత్రకారుడు రాయ్ క్రాస్ 1964 నుంచి ఎయిర్‌ఫిక్స్‌కి వేసిన బొమ్మల్ని తర్వాతి బాక్సుల్లోనూ వాడారు, కొన్నిట్లో పేలుళ్ళు, పడుతున్న బాంబులు చెరిపేసి మళ్ళీ ముద్రించారు. ఈమధ్య పాత బొమ్మతోనే వింటేజ్ క్లాసిక్స్ అనే వరస కూడా వస్తోంది. ఫొటోలో దూరం నుంచి చూస్తే పాతదే అనిపిస్తుంది, పక్కవైపు తిప్పి చూస్తే బార్‌కోడ్ ఉంటుంది.

ఇన్ని చూశాక స్కేల్‌మేట్స్ అనే ఆన్‌లైన్ జాబితాలో ఆ కిట్ నంబరు కొట్టండి. ఏ అచ్చు ఎప్పుడు మొదలై ఏయే బాక్సుల్లో తిరిగిందో వరసగా కనిపిస్తుంది. మీరు తేల్చిన వయసు దానితో కలవకపోతే కొనడం ఆపి మళ్ళీ మొదటినుంచి చూడండి.

## 4. అమ్మేవాళ్ళని అడగాల్సిన ఫొటోలు

మొహమాటపడొద్దు. నిజంగా అమ్మాలనుకునేవాళ్ళు పంపుతారు, తప్పించుకుంటే అదే మీకు జవాబు.

- బాక్సు ఆరు వైపులా, మూత లోపలి వైపు కూడా
- నాలుగు మూలలు దగ్గరగా
- స్ప్రూలన్నీ విడివిడిగా పరిచి
- క్లియర్ పార్టులు (కిటికీ అద్దాల్లాంటి పారదర్శక ముక్కలు) నల్ల కాగితం మీద పెట్టి
- డెకాల్ షీటు ముందూ వెనకా
- ఇన్‌స్ట్రక్షన్ షీటు అన్ని పేజీలు
- ఓడ అయితే హల్ (ఓడ అడుగు భాగం) రెండు సగాలు బల్ల మీద పెట్టి పక్కనుంచి, వంకర ఉంటే తెలుస్తుంది

"పార్టులన్నీ ఉన్నాయి" అంటే ఎవరు లెక్కపెట్టారు, ఎలా లెక్కపెట్టారు అని అడగండి. "ఉన్నట్టే ఉంది" అంటే లేనట్టే లెక్కేసుకుని ధర మాట్లాడండి.

## 5. సీల్ వేసిన బాక్సు గురించి

సీల్డ్ అనగానే ఎక్కువ ధర పెడతారు. జాగ్రత్త. ప్లాస్టిక్ చుట్టే మిషను ఇప్పుడు ఎవరైనా కొనొచ్చు. పాత చుట్టుకి దుమ్ము గీతలుంటాయి, మూలల దగ్గర బిగుసుకుని అట్టని కాస్త వంచుతుంది. కవర్ మెరిసిపోతూ ఉండి లోపల అట్ట అంచులు అరిగి ఉంటే అరిగాక చుట్టారన్నమాట.

కవర్లో వచ్చిన ఎయిర్‌ఫిక్స్‌కైతే పిన్ను చూడండి. పాత పిన్ను తుప్పు మరక అట్ట మీద సరిగ్గా దాని కిందే ఉండాలి. మరక ఒకచోట, పిన్ను ఇంకోచోట ఉంటే తెరిచి మళ్ళీ కొట్టారు. అట్ట ముక్కని రంగుల జిరాక్స్ తీసి పెట్టేవాళ్ళూ ఉన్నారు. భూతద్దంలో చూస్తే అసలు ముద్రణలో రంగు చుక్కలు వరసగా కనిపిస్తాయి, ప్రింటర్ తీసిన దాంట్లో రంగు చిందరవందరగా చల్లినట్టు ఉంటుంది. యూవీ టార్చి కింద అట్ట బాగా నీలంగా మెరిస్తే ఈ కాలపు కాగితం అయ్యుండొచ్చు. ఇది ఒక అనుమానం మాత్రమే, దీన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకండి.

ఇంకా, ఒరిజినల్ సీల్ అయినా లోపల డెకాల్ పసుపెక్కి ఉండొచ్చు, క్లియర్ పార్టు విరిగి ఉండొచ్చు, అసలు ఫ్యాక్టరీలోనే ఒక స్ప్రూ పెట్టడం మర్చిపోయి ఉండొచ్చు. తెరిచి చూసి లెక్క సరిపోయిన కిట్టే నాకు ఎక్కువ నమ్మకం.

## 6. ధర, రవాణా, కస్టమ్స్

అడుగుతున్న ధర చూడొద్దు, అమ్ముడైన ధర చూడండి. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది. అదే బాక్సు, అదే పరిస్థితిలో ఉన్నవి నాలుగైదు చూసి మధ్యది పట్టుకోండి.

ఇండియాకి తెప్పించుకునేటప్పుడు పోస్టేజీ, డ్యూటీ కలిపి కిట్ ధరని దాటిపోవడం మామూలే. వీటిని బొమ్మల కింద లెక్కేస్తే ఇంకో చిక్కు, 2021 జనవరి నుంచి బొమ్మలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నిబంధన అమల్లో ఉంది. కొనే ముందు కొరియర్ వాళ్ళని అడిగి ఆ రోజు రేటు, రూలు తెలుసుకోండి, పార్సిల్ వచ్చాక అడిగితే లాభం లేదు.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకి దారి తేలిక. బ్రిటన్‌లో ఏటా నవంబర్‌లో టెల్‌ఫర్డ్‌లో జరిగే స్కేల్ మోడల్‌వరల్డ్‌లో పాత కిట్ల బల్లలు ఉంటాయి, అమెరికాలో ఐపీఎంఎస్ అనే మోడల్ కట్టేవాళ్ళ సంఘం క్లబ్బులు ఊరూరా పెట్టే పోటీల దగ్గరా అమ్మేవాళ్ళు కూర్చుంటారు. బాక్సు చేతిలోకి తీసుకుని తెరిచి చూసి కొనొచ్చు, ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ఇండియాలో ఉన్నవాళ్ళు అన్నయ్యో, వదినో సెలవులకి వచ్చేటప్పుడు తెమ్మని అడుగుతుంటారు కదా, అప్పుడు ఇవి చెప్పండి:

- కిట్‌లో పాత జిగురు ట్యూబు, పెయింటు డబ్బీ ఉంటే తీసేయాలి, మండే వస్తువులు విమానంలోకి రానివ్వరు
- వీలైతే చేతి సామానులో పెట్టుకోవాలి
- సూట్‌కేసులో అయితే గట్టి అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ బట్టలు సర్దాలి

పోస్టులో వచ్చేదానికి పెట్టెలో పెట్టె ఉండాలి, అసలు బాక్సు మీద టేపు తగలకూడదు. ఈ రెండూ ఆర్డర్ పెట్టేటప్పుడే రాసి పంపండి.

## 7. పార్సిల్ వచ్చిన రోజు

1. విప్పకముందు బయటి పెట్టె ఫొటో తీయండి, విప్పేటప్పుడు వీడియో తీయండి.
2. వానాకాలమైతే గదిలో ఒక పూట అలాగే ఉంచి తర్వాత తెరవండి.
3. బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి దాని మీదే తెరవండి. ఊడిన చిన్న పార్టులు పెట్టె మూలల్లో ఇరుక్కుంటాయి.
4. ఇన్‌స్ట్రక్షన్ షీటు జిరాక్స్ తీసి, జిరాక్స్ మీద ఒక్కో పార్టుకీ టిక్కు పెట్టుకుంటూ లెక్కపెట్టండి. అసలు కాగితం మీద గీయొద్దు.
5. మొదట క్లియర్ పార్టులు, చక్రాలు, ప్రొపెల్లర్లు, పైలట్ బొమ్మ, స్టాండు చూడండి. మాయమయ్యేవి ఎక్కువగా ఇవే. ఓడల్లో లైఫ్ బోట్లు, తుపాకీ గొట్టాలు, జెండాల కాగితం. పాత వాటర్‌లైన్ కిట్లలో అడుగున పెట్టే ఇనప బరువు కూడా ఉండాలి.
6. లెస్నీ వాళ్ళ మ్యాచ్‌బాక్స్ కిట్లు రెండు మూడు రంగుల ప్లాస్టిక్‌లో వస్తాయి, ప్రతి రంగు ఫ్రేమూ ఉందో లేదో చూడండి.
7. క్లియర్ పార్టులు వేరే జిప్ కవర్లో, డెకాల్ ఇంకో కవర్లో, ఊడిన పార్టులు ఇంకో కవర్లో పెట్టండి.
8. డెకాల్ షీటు 600 డీపీఐలో స్కాన్ చేసి దాచండి. దానికేమైనా అయితే మళ్ళీ ముద్రించుకోడానికి మిగిలేది ఆ స్కానే.

మెత్తటి రబ్బరు లాంటి టైర్లు ఉంటే వెంటనే విడిగా పెట్టాలి. వాటిలోని రసాయనం తగిలినచోట పాలిస్టైరీన్‌ని, అంటే కిట్ ప్లాస్టిక్‌ని, కరిగించి గుంత పెడుతుంది, ఏళ్ళ తరబడి మెల్లగా జరుగుతుంది కాబట్టి కనిపించేసరికి పని అయిపోయి ఉంటుంది.

## 8. మామూలుగా వచ్చే సమస్యలు, రిపేర్లు

డెకాల్ పసుపెక్కింది. జిప్ కవర్లో పెట్టి, ఎండ తగిలే కిటికీ అద్దానికి బొమ్మ వైపు బయటికి ఉండేలా అంటించండి. రోజూ చూస్తూ ఉండండి, తెలుపు తేరగానే తీసేయండి. మన ఎండకి ఎక్కువ రోజులు అక్కర్లేదు, ఎక్కువుంచితే ఎరుపు వెలిసిపోతుంది. స్కాన్ చేయకుండా మాత్రం ఈ పని చేయొద్దు.

డెకాల్ ముక్కలవుతోంది. వాడాలనుకుంటేనే డెకాల్ ఫిల్మ్ ద్రవం పూయండి. దాచుకోడానికైతే ముట్టుకోవద్దు.

హల్ వంకర పోయింది. చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్ళల్లో కొన్ని నిమిషాలు ముంచి నిదానంగా సరిచేసి, అలాగే పట్టుకుని చల్లనీళ్ళల్లో పెట్టండి. ఒక్కసారికి రాకపోతే మళ్ళీ చేయండి. మరిగే నీళ్ళు వద్దు, హెయిర్ డ్రయ్యరు అసలే వద్దు.

బాక్సు మూల చిరిగింది. సెల్లో టేపు వేయకండి. కొన్నేళ్ళకి జిగురు గోధుమ రంగు మరకై అట్టలోకి దిగుతుంది, అది ఇక పోదు. లోపలి వైపు నుంచి పల్చటి కాగితం మైదా జిగురుతో అంటించి, బరువు పెట్టి, పూర్తిగా ఆరనివ్వండి. తడి ఏ మాత్రం మిగిలినా పురుగు వస్తుంది.

బూజు వాసన. లోపలివన్నీ తీసేసి ఖాళీ బాక్సుని నీడలో గాలికి పెట్టండి. తర్వాత పెద్ద డబ్బాలో సిలికా జెల్‌తో, గిన్నెడు వంటసోడాతో మూసి కొన్ని రోజులు ఉంచండి.

వెనిగర్ వాసన. ఇది వేరే సమస్య. 1936లో మొదలైన ఫ్రాగ్ పెంగ్విన్ లాంటి బాగా పాత కిట్లు సెల్యులోజ్ ఎసిటేట్ అనే వేరే ప్లాస్టిక్‌తో చేసినవి, అవి కుళ్ళుతూ వంకర తిరుగుతాయి. మిగతా కిట్ల నుంచి వెంటనే దూరంగా పెట్టండి, గాలి ఆడే చోట.

## 9. మన వాతావరణంలో దాచడం

విదేశీయులు రాసిన సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. మనకున్నవి వేడి, తేమ, చెదలు.

అటక మీద పెట్టొద్దు. ఎండాకాలంలో డాబా కింద అటక వేడికి పల్చటి పార్టులు వంగుతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఊళ్ళలో తేమ ఇంకో గొడవ, డెకాల్ షీటు పక్కనున్న కాగితానికి అతుక్కుపోతుంది, అందుకే దానికి వేరే కవర్ అన్నాను. హైదరాబాద్‌లో వానాకాలం నెలల్లో మీటరు చూస్తూ ఉండండి, తేమ 60 శాతం దాటుతుంటే సిలికా జెల్ మార్చండి.

కలరా ఉండలు అసలు పెట్టొద్దు. బట్టల బీరువా అలవాటుతో చాలామంది వేస్తారు. నాఫ్తలీన్ ఆవిరి పాలిస్టైరీన్‌ని మెత్తబరుస్తుంది, మూసిన డబ్బాలో ఇంకా తొందరగా. పురుగుకి భయపడితే మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డబ్బాని నేలకి, గోడకి తగలకుండా అరమీద ఉంచండి.

- బీరువా గదిలో లోపలి గోడవైపు ఉండాలి, వాన కొట్టే గోడకి కాదు
- పెద్ద బాక్సు కింద, చిన్నవి పైన, నాలుగైదుకి మించి పేర్చొద్దు
- ఎండ పడే అద్దాల షెల్ఫు వద్దు, రంగు వెలుస్తుంది
- రబ్బరు బ్యాండ్లు వేయొద్దు, అవి కరిగి అట్టకి అంటుకుంటాయి
- ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందొకసారి, తర్వాతొకసారి, ప్రతి బాక్సూ తెరిచి చూడాలి

## 10. రికార్డు రాసుకోండి

ఫోన్లో ఒక షీటు చాలు. కిట్ నంబరు, కంపెనీ, స్కేలు, మీరు తేల్చిన కాలం, దానికి ఏ గుర్తు ఆధారం, లేని పార్టులు, కొన్న ధర, డ్యూటీతో కలిపి పడిన మొత్తం, ఏ డబ్బాలో ఉంది. "ఏ గుర్తు ఆధారం" అన్న గడి ఖాళీగా వదలకండి, మూడేళ్ళ తర్వాత ఇది 1960లదని ఎందుకనుకున్నామో మీకే గుర్తుండదు.

లేని పార్టుల జాబితా విడిగా ఉంచుకుంటే ఎక్కడైనా చవగ్గా సగం కట్టి వదిలేసిన కిట్ కనిపించినప్పుడు వెంటనే పోల్చుకోవచ్చు. అదే అచ్చు తర్వాతి బాక్సు నుంచి తీసుకున్న పార్టు అయితే ఆ మాట రికార్డులో రాయండి, రేపు అమ్మేటప్పుడు కొనేవాళ్ళకీ చెప్పండి. షీటు కాపీ ఒకటి ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా పెట్టండి, ఏ డబ్బాలో ఏముందో వాళ్ళకీ తెలియాలి.